పక్కలు చూపించే దీపాలు

పొద్దుగూకాక బండి నడపొద్దని కంటి డాక్టరమ్మ చెప్పిన రోజు, ఆసుపత్రి మెట్లు దిగుతూ మా ఆయన అన్న మొదటి మాట ఇది: "జీపుకు కొత్త లైట్లు పెట్టియ్యాలె."

నాకు ఒళ్లు మండింది. పంజాగుట్ట రోడ్డు మీద బస్సులూ ఆటోలూ చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ మెట్ల మీదే దులిపేసేదాన్ని.

"లైట్లేం చేశాయండీ, పాపం?" అన్నాను.

"పాతవైనయ్ గద. గుడ్డి దీపాలు. గా ఎలుగుల నీకు సుత ఏం కనవడది."

నాకు కనబడుతుంది. శుభ్రంగా కనబడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆగడం నాకు అలవాటు లేని పని. నా నోటికి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదని మా ఆయనే ఊరంతా చెబుతుంటారు. కానీ ఆ రోజు ఆయన మొహం బడిలో బెంచీ ఎక్కించిన పిల్లవాడి మొహంలా ఉంది. ఇంకేమంటాను? "సరే, పెట్టిద్దాం లెండి" అన్నాను.

డాక్టరమ్మ ఏమీ దాచలేదు. కంటి వెనకాల పొర పలచబడుతోందట. దానికి ఆపరేషన్ లేదు, అద్దాలు మార్చినా లాభం లేదు. ముందు మసక వెలుతురులో చూపు పోతుంది, తర్వాత పక్క చూపు తగ్గుతూ వస్తుంది. "నెమ్మదిగా ఇలా అవుతుందండీ" అని రెండు అరచేతులూ గుండ్రంగా చేసి కళ్ల ముందు పెట్టుకుని చూపించింది. ప్రస్తుతానికి పగలు జాగ్రత్తగా నడుపుకోవచ్చు. చీకటి పడితే స్టీరింగ్ ముట్టుకోకూడదు. "ఇంట్లో ఇంకెవరైనా నడిపేవాళ్లు ఉన్నారా?" అని అడిగింది. ఆయన నా వైపు చూడకుండా, "దానికింక మస్తు టైమున్నది మేడం" అన్నారు.

జీపు సంగతి చెప్పకపోతే ఇది ఎవరికీ అర్థం కాదు. మా ఆయన ఎర్రమంజిల్‌లో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో పనిచేశారు. కాలువ గట్లూ, కంకర తేలిన బాటలూ తిరగడమే ఉద్యోగం. ఆఫీసు జీపుకి డ్రైవరున్నా, ఊరు దాటగానే అతణ్ణి పక్కకి జరిపి తనే కూర్చునేవారు. నేను మాసబ్ ట్యాంక్‌లో ఇంకో ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఫైళ్లు కదిపేదాన్ని. ఆయన రిటైరయ్యాక ఆ జీపుని వేలం వేస్తే, వెళ్లి తీసుకొచ్చేశారు. పైన గుడ్డ కప్పు, నడుం విరిచే సీట్లు, నాలుగు చక్రాలూ ఒకేసారి లాగేట్టు చేసే పొట్టి రాడ్డు ఒకటి. "ఇంత వయసులో ఈ ఇనప గుర్రం ఎందుకండీ మనకి?" అంటే, "దానికి సుత రిటైర్మెంటే గద. ముగ్గురం కలిసి తిరుగుదాం" అన్నారు.

తిరిగాం కూడా. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అమీర్‌పేట సందులోంచి బయల్దేరేవాళ్లం. ఔటర్ రింగు రోడ్డు దాటి కొంత దూరం వెళితే ఒక రాళ్ల గుట్ట ఉంది. ఎప్పుడో క్వారీ వాళ్లు తవ్వి వదిలేసిన బాట దాని మీదకి పోతుంది. ఆ బాటలో మామూలు కారు వెళ్లదు. జీపు మాత్రం ముక్కుతూ మూలుగుతూ ఎక్కేసేది. పైన ఒక చదును బండ. దాని మీద దుప్పటి పరుచుకుని, ఫ్లాస్కులో టీ, డబ్బాలో చేగోడీలు పెట్టుకుని పొద్దు మునిగేదాకా కూర్చునేవాళ్లం.

మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరికీ టీవీ రిమోట్ దగ్గర పేచీ, కూరలో ఉప్పు దగ్గర పేచీ. ఆ బండ మీద మాత్రం ఆయన మాట్లాడేవారు. వాళ్ల అమ్మ గురించి, చిన్నప్పుడు పొలంలో కాపలా పడుకున్న రాత్రుల గురించి, రిటైరైన రోజు బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చిన సంగతి గురించి. పొద్దు మునిగి, రాళ్లు నల్లబడ్డాక, ఇంకాసేపు ఆగి మెల్లగా దిగేవాళ్లం. వారమంతా ఆయన బతికేది ఆ రెండు మూడు గంటల కోసమే. నేనూ అంతేనని ఆయనకి చెప్పలేదు గానీ, నేనూ అంతే.

"పోనీ పెందలాడే వెళ్లి వెలుగుండగానే వచ్చేద్దామండీ" అన్నాను డాక్టరు దగ్గర్నించి వచ్చాక.

"ఎండల గుట్టెక్కి ఏం జెయ్యాలె? వడియాలు ఎండవెట్టుకోవాలెనా?" అన్నారు.

ఇంకొక దారి ఉంది. నాకు డ్రైవింగ్ వచ్చు. మా చిన్న కారులో రైతు బజారుకీ, మా చెల్లెలింటికీ నేనే వెళ్లొస్తాను. కానీ జీపు గేరు రాడ్డు మీద నా చెయ్యి ఏనాడూ పడనివ్వలేదాయన. ఇప్పుడు నేను నడుపుతానంటే, మీ కళ్లు పోయాయి పక్కకి జరగండి అన్నట్టే. డాక్టరమ్మ అన్నప్పుడు ఎలా ఉందో చూశాను. అదే మాట నా నోటివెంట వింటే ఆయనకి ఎలా ఉంటుంది? అప్పటికే ఒకసారి గుట్ట దిగుతూ ఎడమ మడ్‌గార్డు రాతికి గీకించి, "గీ రాయి పోయిన వారం గిక్కడ లేదే" అన్నారు. రాయి నడిచొచ్చిందట! ఆ రోజు నేను నవ్వాను, దారంతా ఆటపట్టించాను. డాక్టరమ్మ చెప్పాక ఆ రాయి గుర్తొస్తే నవ్వు రాలేదు.

కాబట్టి ఇద్దరం కలిసి లైట్లు వెతకడం మొదలుపెట్టాం. కంటికి జబ్బు చేస్తే జీపుకి వైద్యం. ఎవరైనా వింటే నవ్విపోతారు. నవ్వితే నవ్వనీ, మా తిప్పలు మావి అనుకున్నాను.

పంజాగుట్టలో ఒక సందు చివర కార్ల సామాన్ల దుకాణం ఉంది. మైత్రీవనం ముందునుంచి జీపు మెల్లగా కదులుతుంటే, కోచింగ్ సెంటర్ల కాగితాలు పంచే పిల్లలు అద్దం సందులోంచి ఆయన ఒళ్లో ఒకటి పడేశారు. "ఏందిది? నన్ను సుత కంప్యూటర్ నేర్చుకోమంటున్నరు" అని నవ్వుతూ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ పూట ఆయన హుషారు చూస్తే పెళ్లి బట్టలు కొనడానికి వెళుతున్నట్టుంది.

దుకాణం ఓనరే లైట్లు బిగిస్తాడు కూడా. పెద్ద నోరు, పెద్ద నవ్వు. "రండి సార్, రా అక్కా, కూసో" అని స్టూలు లాగాడు. ఒక పొడుగాటి పట్టీలాంటి లైటు తీసి బ్యాటరీకి తగిలించాడు. దుకాణమంతా తెల్లగా భగ్గుమంది. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన మాత్రం దాని మీదకి వంగారు.

"గిది మస్తున్నది. ఏడ వెడ్తరు?"

"టాప్ మీద సార్. పట్టపగలు లెక్కుంటది."

"మనం గుట్ట దిగుతామా, విమానం దింపుతామా?" అన్నాను.

ఓనరు పడీ పడీ నవ్వాడు. తర్వాత నిజం చెప్పాడు. పైన పెడితే ఆ వెలుగు బానెట్ మీద పడి తిరిగి నడిపేవాళ్ల కళ్లల్లోనే కొడుతుంది, దుమ్ము లేస్తే ఇంకా అధ్వానం, బంపర్ మీద పెట్టుకోవడమే మంచిది. గుండ్రటి లైట్లు రెండు జతలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒక జత వెలుగుని సన్నగా చాలా దూరం కొడుతుంది. రెండోది దూరం పోదు గానీ బాటకి ఇరుపక్కలా పరుస్తుంది.

"అందరు దూరందే తీస్కుంటరు సార్. ఫోటోలల్ల సుత మంచిగొస్తది."

మా ఆయన రెండో జత చేతిలోకి తీసుకున్నారు. "దూరం నాకెందుకు భాయ్? దూరం ఎట్లనో గట్ల కనవడ్తది. నాకు పక్కలు కావాలె. గీ పక్క ఏమున్నదో, గా పక్క ఏమున్నదో తెల్వాలె."

"సార్‌కు గుట్టల అనుభవమున్నది" అన్నాడు ఓనరు మెచ్చుకోలుగా.

నాకు డాక్టరమ్మ అరచేతులు కళ్ల ముందుకొచ్చాయి. అప్పటిదాకా మసక చూపు ఒక్కటే తగ్గిందనుకుంటున్నాను. పక్కలు కూడా పోతున్నాయని ఆయన ఒక దుకాణదారుడికి చెప్పారు, నాకు చెప్పలేదు. నేను లేచి వెళ్లి, గోడకి వేలాడదీసిన స్టీరింగు తొడుగులు చూస్తూ నిలబడ్డాను. ఏ రంగు తొడుగులో ఇప్పుడడిగితే చెప్పలేను.

తేరుకుని వచ్చేసరికి రంగు దగ్గర ఆగారు. తెల్ల వెలుగా, పసుప్పచ్చదా? తెలుపు కళ్లల్లో గుచ్చుతోంది, దుమ్ములో పసుప్పచ్చదే నయమని నేనన్నాను. ఓనరు కూడా నన్నే సమర్థించాడు. ఆయన వింటేనా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. "తెల్లదైతే నాకు సాఫ్ కనవడ్తది" అన్నారు. ఆ "నాకు" అన్న మాట విన్నాక నేను వాదించలేదు. ఓనరు లైట్ల మీద పెట్టుకునే నల్ల మూతలు కూడా ఇచ్చి, ఊళ్లో అవి తియ్యొద్దని, గుట్ట దగ్గరైనా ఎదురు బండి వస్తే లైట్లు ఆర్పాలని చెప్పాడు. "తెల్సులే భాయ్" అన్నారు మా ఆయన.

బిగించడానికి అతను గురువారం సాయంత్రం మా అపార్ట్‌మెంటుకే వచ్చాడు. వెలుగు ఎక్కడ పడుతోందో చూడాలంటే చీకటీ, ఎదురుగా గోడా కావాలి. మా సెల్లారులో పగలు కూడా చీకటే. బంపర్‌కి రెండు రంధ్రాలు వేసి, హెడ్‌లైట్ల కంటే కిందగా బ్రాకెట్లు బిగించాడు. వైర్లు లోపలికి లాగి స్టీరింగ్ కింద ఒక మూల విడిగా స్విచ్చి పెట్టాడు. నేను పసుపూ కుంకుమా నిమ్మకాయలతో పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడ్డాను. కొత్త వస్తువు బండికి తగిలించి బొట్టు పెట్టకపోతే నాకు అన్నం సహించదు.

బొట్టు పెట్టాక అసలు పని మొదలైంది. లైటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో దారంతో కొలిచి, ఎదురు గోడ మీద అంతే ఎత్తులో గుర్తు పెట్టాలట. వెలుగు గుర్తుకి కొంచెం కిందగా పడేలా లైటుని వంచాలి. అతను జేబులన్నీ తడుముకున్నాడు గానీ సుద్దముక్క లేదు. నా చేతిలో కుంకుమ ఉంది కదా! దారం చివర చూసుకుని గోడకి పెద్ద బొట్టు పెట్టేశాను.

"సార్, మీరు సీట్ల కూసొని చెప్పుండ్రి. ఎలుగు బొట్టుకు మీదున్నదా, కిందున్నదా?"

మా ఆయన సీట్లో కూర్చుని స్విచ్చి వేశారు. వెలుగు బొట్టుకి చాలా పైన, పైకప్పు దగ్గర నీళ్ల పైపుల మీద పడింది. ఆయన ముందుకి వంగి చూశారు. ఇంకా వంగారు. బొట్టు కోసం గోడంతా వెతుకుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

"బరాబరున్నది" అన్నారు.

ఓనరు పైపుల వంక చూశాడు, నా వంక చూశాడు. అతను నోరు తెరిచేలోగా నేనే తెరిచాను. "అబ్బ, ఈ గోడ మీద కుంకుమ నాకే కనబడి చావట్లేదు, ఆగండి!" అని లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కి వెళ్లి ముగ్గుపిండి డబ్బా తెచ్చాను. నీళ్లు కలిపి, బొట్టు మీదుగా బారెడు గీత అడ్డంగా, బారెడు గీత నిలువుగా వేశాను. నిజానికి బొట్టు నాకు దివ్యంగా కనబడుతోంది.

"ఇప్పుడు చెప్పండి."

"ఆఁ, ఇప్పుడు కనవడ్డది. ఎలుగు షానా మీదున్నది భాయ్, దించు" అన్నారు. ఓనరు బ్రాకెట్ మీదకి వంగాడు. వెలుగుకి ఇవతల నేనున్నాను, దాని వెనక ఆయన. ఆయన మొహం నాకు కనబడలేదు. గొంతు మాత్రం వినిపించింది.

"మంచిగేసినవే ముగ్గు."

"ఇన్నేళ్లు వాకిట్లో వేశాను, ఒక్కనాడైనా అన్నారా ఈ మాట?" అన్నాను. కొంగుతో కళ్లొత్తుకుని, దగ్గు వచ్చినట్టు నటించాను.

ఆ గుర్తు వేరే కథ నడిపింది. ఎర్రటి బొట్టు, దాని చుట్టూ తెల్లటి ముగ్గు. మర్నాడు పొద్దున్నకల్లా ఎవరో దాని కింద బంతిపువ్వు పెట్టారు. ఆ తర్వాత అగరుబత్తి వెలిగింది. మూడో అంతస్తులో ఉండే ఒకాయన ఆఫీసుకి వెళుతూ గోడని తాకి కళ్లకద్దుకోవడం కళ్లారా చూశాను. మా ఆయనకి చెబితే పొట్ట పట్టుకుని నవ్వారు. "గోడకు గుడి గట్టినవ్ గదనే!" అన్నారు. ఆ వారమంతా మేమిద్దరం ఆ నవ్వు మీదే బతికాం. ముగ్గు ఎందుకు వెయ్యాల్సి వచ్చిందో మాత్రం ఆయన అనలేదు, నేను అనలేదు.

ఆదివారం గుట్టెక్కాం. బండ మీద కూర్చున్నామన్న మాటే గానీ ఆయన మనసు పొద్దు మీద లేదు. ఎప్పుడు మునుగుతుందా అని చూస్తున్నారు. పొద్దు మునిగి రాళ్లు నల్లబడగానే లేచి, లైట్ల మూతలు తీసి, రుమాలుతో అద్దాలు తుడిచారు. సీట్లో కూర్చుని స్విచ్చి వేసి, సందెవేళ ఇంట్లో దీపానికి చేసినట్టే రెండు చేతులూ కళ్లకద్దుకున్నారు.

ఏం వెలుగది! బాటా, బాటకి ఇరుపక్కల ముళ్ల కంపలూ, రాళ్ల మీద నాచు కూడా కనబడింది.

"సూసినవా! సూసినవా లేదా!" అని అరిచారు. "అగో, గదే నా మడ్‌గార్డు గీకిన రాయి! ఆడనే ఉన్నది దొంగది!"

నాకూ ఆశ పుట్టింది. ఇంకేం, డాక్టర్లకి మాత్రం అన్నీ తెలుసా ఏమిటి అనుకున్నాను. ఆయన ఒక్కో రాయినీ పేరు పెట్టి పలకరిస్తున్నట్టు దించారు. చక్రం ఎక్కడా జారలేదు. గుట్ట కిందికి చేరేసరికి ఆయన నావైపు తిరిగి కనుబొమలెగరేశారు, పెళ్లిచూపుల్లో ఎగరేసినట్టు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ వచ్చిందో ఈ వయసులో రాస్తే బాగుండదు గానీ, వచ్చింది.

గుట్ట కింద పొలాల మధ్య మట్టి బాట. ఎదురుగా ఒక లైటు మిణుకుమంది. ఏదో మోపెడ్.

"లైట్లు ఆర్పండి, బండొస్తోంది" అన్నాను.

ఆయన చెయ్యి స్టీరింగ్ కిందికి వెళ్లింది. స్విచ్చి కొత్తది, మూలన ఉంది, లోపలంతా చీకటి. చెయ్యి అటూ ఇటూ తడుముతోంది. "ఏడున్నదే? గిక్కడనే ఉండాలె గద..." బండి ఆపారు గానీ లైట్లు అలాగే మండుతున్నాయి. నేను ఆయన చేతి మీదుగా వంగి స్విచ్చి నొక్కేలోపు మోపెడ్ వంకర్లు తిరిగి పక్కనున్న గడ్డిలోకి ఒరిగిపోయింది.

పాత హెడ్‌లైట్ల వెలుతురులో ఇద్దరం దిగి పరిగెత్తాం. దేవుడి దయ వల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెనకాల కట్టుకున్న పచ్చగడ్డి మోపు మీదే పడింది బండి. నడుపుతున్నాయన లేచి బండి ఎత్తుతున్నాడు. అతని వెనకాల కూర్చుని వచ్చిన భార్య బాట మధ్య నిలబడి ఉంది. ఒక చెయ్యి కళ్ల మీద, ఒక చెయ్యి గాల్లో చాపి ఉంది. కాలి వేళ్లతో బాట అంచు ఎక్కడుందో వెతుకుతోంది.

"ఏడున్నవయ్యా? నాకేం కనవడ్తలేదు."

"ఈడనే ఉన్న. కదలకు. జరసేపైతే ఒస్తది" అన్నాడాయన. ఆమెకి చేతికందే దూరంలోనే ఉన్నాడు.

ఆమె అలాగే నిలబడింది. కాసేపటికి కళ్లు నులుముకుని, మొగుణ్ణి చూసి, మమ్మల్ని చూసింది. "గవేం లైట్లు సార్! మనుషులను సంపనీకా?" అని తిట్టింది. మా ఆయన రెండు చేతులూ జోడించి, "తప్పయింది బిడ్డా" అన్నారు. గడ్డి మోపు ఎత్తి కట్టడానికి సాయం చేశారు. వాళ్లు వెళ్లిపోయారు. మోపెడ్ చప్పుడు కూడా వినబడనంత దూరం పోయాక కూడా ఆయన ఆమె నిలబడ్డ చోటే నిలబడి ఉన్నారు.

"రండి, వెళదాం" అన్నాను.

"నాకు గట్లనే ఉంటది" అన్నారు.

"ఏంటండీ?"

"గామెకు ఉన్నట్టే. సీకటైతే నాకు గట్లనే ఉంటది. గామెకు తిరిగొచ్చింది. నాకు రాదు."

నేను వెనక్కి తిరిగి నల్లబడ్డ గుట్ట వంక చూశాను.

"మరి ఇన్నాళ్లూ ఈ గుట్ట ఎలా దింపారండీ?" అన్నాను ఎలాగో.

"నువ్వు తిడ్తవ్ గద. అదుగో రాయి, ఇదుగో గుంట, కళ్లు పెట్టి చూడండి అని తిట్టుకుంట కూసుంటవ్ గద పక్కకు. గా తిట్లు పట్టుకొనే దించిన. వానకాలం కాడికెల్లి గంతే."

ఏడవాలో, కొట్టాలో తెలియలేదు. రెండూ చేశాను. భుజం మీద రెండు దెబ్బలేశాను. "ఇద్దర్నీ చంపేసేవారు కదండీ! ఆ అమ్మాయిని చంపేసేవారు కదా! నాకొక్క ముక్క చెబితే ఏం పోయింది మీకు?"

"చెప్తే గుట్ట పోతదనుకున్న" అన్నారు. "గుట్ట మీద నువ్వు నాతోని మాట్లాడ్తవ్. ఇంట్ల కొట్లాడ్తవ్."

మాట్లాడేది ఆయనేననీ, వినేది నేనేననీ అనుకుంటున్నాను ఇన్నేళ్లూ. నేను ఆయన చొక్కా మీదే మొహం తుడుచుకున్నాను. ఆయన బానెట్ మీద చెయ్యి ఆనించి, తడుముకుంటూ చుట్టూ తిరిగి వెళ్లి ఎడమ వైపు సీట్లో కూర్చున్నారు. తాళం చెవి బండికే ఉంది.

నేను ఎక్కాను. కాళ్లు అందలేదు. దుప్పటి మడిచి వీపు వెనకాల పెట్టుకున్నాను. కొత్త లైట్ల మీద మూతలు పెట్టేసి, పాత హెడ్‌లైట్లతోనే బయల్దేరాం. గేరు మొదటిసారి గర్రుమంది. ఆయన కిక్కురుమనలేదు. ఆయనకి అదెంత కష్టమో నాకు తెలుసు.

కొంత దూరం పోయాక, "ఇప్పుడేమున్నది?" అన్నారు.

"ఎడమ పక్క కంప ఉంది. కుడి పక్క గట్టు. గట్టు మీద కుక్క కూర్చుంది, మనకేసే చూస్తోంది. ముందు ఒక గుంట, తప్పిస్తున్నా. తప్పించా. పత్తి చేను. చేనులో ఎవరో టార్చి వేస్తున్నారు, పందులు వచ్చాయో ఏమో."

"ఊఁ" అన్నారు. వెనక్కి ఆనుకున్నారు. ఆయన వెనక్కి ఆనుకుని కూర్చుని ప్రయాణం చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

తారు రోడ్డు వచ్చింది, ఔటర్ వచ్చింది, ఊరు వచ్చింది. నేను చెబుతూనే ఉన్నాను. లారీ వెనకాల కట్టిన మంచాలు, బైకు మీద ముగ్గురు కుర్రాళ్లు, హోటలు ముందు పెనం గీకుతున్న మనిషి. పంజాగుట్ట దగ్గరికొచ్చేసరికి వీధి దీపాలు, షాపుల బోర్డులు, పైన మెట్రో వెలుగు, ఎటు చూసినా పట్టపగలే.

"గిక్కడ నాకు కనవడ్తదే. ఇంక సాలియ్యి, గొంతు నొస్తది" అన్నారు.

సరేనని ఊరుకున్నాను. పంజాగుట్ట దాటాం. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. ఇంజను దడదడ తప్ప బండిలో చప్పుడు లేదు. ఆయన ముందుకి చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి గేరు రాడ్డు మీదున్న నా చేతి మీద చెయ్యి వేశారు.

"ఎందుకాపినవే?" అన్నారు. "చెప్పు."

"ఎర్ర లైటు పడింది" అన్నాను. "మన ముందు ఆటో ఉంది. ఆటోలో ఒకావిడ నిద్రపోతోంది..."